బడి కోసం పాడిన అమ్మాయిలు

విద్యార్థి బృందాలు వాయిద్యాలు పట్టుకుని ఊళ్ళు తిరుగుతాయంటే మనకు ముందు విహారయాత్రే గుర్తొస్తుంది. అమెరికాలో, యూరప్‌లో హైస్కూలు బ్యాండ్లకీ కాలేజీ ఆర్కెస్ట్రాలకీ ఇలాంటి ప్రయాణాలు ఏర్పాటు చేసిపెట్టడం ఇవాళ పెద్ద వ్యాపారం. బస్సు, బస, భోజనం, ఆడిటోరియం, చివర్లో ఒక గ్రూప్ ఫోటో. పిల్లలకు క్రమశిక్షణ అలవడుతుందనీ, లోకం తెలుస్తుందనీ చెప్తారు. కాదనను. కానీ ఈ ప్రయాణాల చరిత్రలో ఒక పాయ సరదాలోంచి కాక లేమిలోంచి పుట్టింది. ప్రభుత్వం పట్టించుకోని బడి, తన పిల్లల గొంతుల్నీ చేతుల్నీ రోడ్డెక్కించి ఇటుకలూ బొగ్గూ పిండీ కొనుక్కున్న చరిత్ర అది. ఆ బరువులో చాలా భాగం మోసింది ఆడపిల్లలు.

వాళ్ళలో ఒక బృందం గురించి ఈ వ్యాసం. 1937లో మిసిసిపీ రాష్ట్రంలోని ఒక నల్లజాతి బడిలో మొదలై, 1949 దాకా అమెరికా అంతా తిరిగి, యుద్ధం ముగిసిన ఏడాది యూరప్ వెళ్ళి, ఆ తర్వాత ముప్పై ఏళ్ళపాటు ఎవరికీ గుర్తులేకుండాపోయిన ఆడపిల్లల జాజ్ బ్యాండు. పేరు ‘ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్’. స్త్రీల శ్రమ, చదువు, కదలిక అనే మూడు విషయాలు ఈ ఒక్క బ్యాండు కథలో ఎలా ముడిపడ్డాయో చూడాలని నా ప్రయత్నం.

జూబిలీ బాట

ఈ దారి వేసింది స్వీట్‌హార్ట్స్ కాదు. వాళ్ళకంటే అరవై ఆరేళ్ళ ముందే టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాసంస్థ విద్యార్థులు వేశారు. బానిసత్వం రద్దయ్యాక, 1866లో నల్లజాతివాళ్ళ చదువు కోసం మొదలైన బడి అది. అయిదేళ్ళు తిరిగేసరికి అప్పుల్లో మునిగింది. కోశాధికారిగా ఉంటూ సంగీతం కూడా నేర్పే జార్జ్ వైట్ అనే తెల్లాయన, తొమ్మిదిమంది విద్యార్థుల్ని తీసుకుని 1871 అక్టోబరు 6న చందాలకు బయల్దేరాడు. ఆ తొమ్మిదిమందిలో అయిదుగురు అమ్మాయిలు: ఎల్లా షెపర్డ్, మ్యాగీ పోర్టర్, జెన్నీ జాక్సన్, మిన్నీ టేట్, ఎలైజా వాకర్. మిన్నీ టేట్‌కి పద్నాలుగేళ్ళు. బృందంలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళు.

మొదట వాళ్ళ పాటకు డబ్బు రాలలేదు. సిన్సినాటిలో వచ్చిన కాస్త మొత్తాన్నీ అప్పుడే అగ్నిప్రమాదంలో కాలిపోయిన షికాగో బాధితులకు ఇచ్చేశారు. హోటళ్ళు గదులివ్వలేదు. తెల్లవాళ్ళ పాటలు పాడితే చప్పట్లు కొట్టి ఊరుకున్న సభలు, వీళ్ళు తమ తల్లిదండ్రుల నుంచి నేర్చుకున్న బానిసల భక్తిగీతాలు పాడినప్పుడు కదిలిపోయాయి. బైబిల్లో బానిసలకు విడుదల దొరికే సంవత్సరానికి పేరు జూబిలీ. ఆ పేరే పెట్టుకుని ‘జూబిలీ సింగర్స్’ అయ్యారు. మొదటి పర్యటనలోనే సుమారు ఇరవైవేల డాలర్లు తెచ్చారు. 1873లో ఇంగ్లండు వెళ్ళి విక్టోరియా రాణి ముందు పాడారు. వాళ్ళు పాడి తెచ్చిన డబ్బుతో లేచిన భవనం, జూబిలీ హాల్, నాష్‌విల్‌లో నేటికీ ఉంది.

ఆ భవనం గురించి చెప్పేవాళ్ళు జార్జ్ వైట్ పట్టుదల గురించి తప్పక చెప్తారు. ఎల్లా షెపర్డ్ గురించి అంత వివరంగా చెప్పరు. పియానో వాయించిందీ, పాటలు నేర్పిందీ, ఆయన జబ్బుపడినప్పుడు బృందాన్ని నడిపిందీ ఆమె. తండ్రి డబ్బు కట్టి ఆమెను విడిపించుకోగలిగాడు. తల్లి మాత్రం యజమానుల దగ్గరే ఉండిపోయింది. యుద్ధం అయ్యాక వెతికి వెతికి తల్లిని కలుసుకుంది. వరసగా ఏడేళ్ళు తిరిగి తిరిగి, 1878లో జర్మనీలో బృందం అలసిపోయి ఆగిపోయింది. చదువుకోవాలని బడికి వచ్చిన పిల్లలు, బడిని బతికించడం కోసం బడికి దూరమయ్యారు. ఈ వైరుధ్యం తర్వాతి తరాలకూ దిగింది.

పత్తి చేలలో బడి

మిసిసిపీలో, జాక్సన్ నగరానికి ఇరవై మైళ్ళ దూరంలో 1909లో లారెన్స్ జోన్స్ అనే నల్లజాతి యువకుడు పైనీ వుడ్స్ బడి పెట్టాడు. పత్తి చేలలో కూలిపని చేసుకునే కుటుంబాల పిల్లలకు చదువుతో బాటు చేతిపని నేర్పే బడి. నల్లపిల్లల చదువు మీద రాష్ట్రం ఖర్చుపెట్టేది నామమాత్రం. ఆయన్ని అన్యాయంగా దుయ్యబట్టడం నా ఉద్దేశం కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తెల్లమూక ఒకటి ఆయన్ని ఉరితియ్యడానికి పట్టుకుంటే, మాటలతో ఒప్పించి ప్రాణం దక్కించుకున్న మనిషి. మాట్లాడి ఒప్పించడం, ఆ ఒప్పుకున్నవాళ్ళ చేత జేబులు తెరిపించడం ఆయనకు బతికి ఉండటానికి అవసరమైన విద్య అయింది.

ఆయన భార్య గ్రేస్ జోన్స్ గురించి తక్కువే రాశారు. 1920ల మొదట్లో అమ్మాయిల్ని ‘కాటన్ బ్లాసమ్ సింగర్స్’ పేరుతో కారులో వెంటబెట్టుకుని ఉత్తరాది రాష్ట్రాల చర్చిల్లో పాడించి చందాలు పోగుచేసింది ఆవిడ. ఎవరూ బస ఇవ్వరని తెలుసు గనక పడుకునేందుకు వీలుగా అమర్చిన బండి అది. 1928లో ఆమె చనిపోయింది. ఆమె ఏర్పరిచిన పద్ధతి మాత్రం నిలిచింది. పైనీ వుడ్స్‌కి పాడే పిల్లలంటే ఆదాయమార్గం.

1930లలో చర్చి పాటలకు బదులు స్వింగ్ సంగీతానికి జనం ఎగబడుతున్నారు. ఇనా రే హటన్ అనే ఆమె నడిపే ఆడవాళ్ళ ఆర్కెస్ట్రా దేశమంతా పేరు తెచ్చుకుంది. లారెన్స్ జోన్స్‌కి ఆలోచన వచ్చింది. 1937లో బడిలోని అమ్మాయిలకు ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సఫోన్లు, డ్రమ్స్ ఇచ్చాడు. ట్రాంబోను పట్టుకున్న హెలెన్ జోన్స్ ఆయన పెంపుడు కూతురు. పాలీన్ బ్రాడీ డ్రమ్స్. జానీ మే రైస్ పియానో. విల్లీ మే వాంగ్ సాక్సఫోను. ఆమె తండ్రి చైనా మనిషి. మెక్సికన్ మూలాలున్న పిల్లలూ, అమెరికా ఆదివాసీ మూలాలున్న పిల్లలూ ఉన్నారు. పేరులో ‘ఇంటర్నేషనల్’ అనే మాట అలా వచ్చింది. అదొక ప్రచార ఎత్తుగడే. కానీ ఆ మాటలో ఒక నిజం కూడా దాగుంది. అమెరికా చట్టం ‘నల్ల’ అని ఒకే గీత గీసి అవతలికి నెట్టిన జనంలో ఎన్ని దేశాల, ఎన్ని జాతుల రక్తం కలిసివుందో ఆ వేదిక మీద కనిపించేది.

‘స్వీట్‌హార్ట్స్’ అనే మాటలో మరో ఎత్తుగడ ఉంది. ట్రంపెట్, డ్రమ్స్ మగవాళ్ళ వాయిద్యాలని నమ్మే కాలం. బుగ్గలు ఉబ్బించి ఊదడం, కాళ్ళు ఎడంగా పెట్టి డ్రమ్ము వాయించడం ఆడదానికి అందం కాదనేవాళ్ళు. అందువల్ల ముందే ‘ప్రియబాలలు’ అని పేరుపెట్టి, ఒకేరకం గౌన్లు తొడిగి, జుట్టు ముడివేసి, చిరునవ్వు పులిమి వేదిక ఎక్కించాలి. వాయించే పని కంటే మెప్పించే పని ముందు. మన దగ్గర పాడే, ఆడే స్త్రీని ‘మేళం’ అనే మాటతో ఎలా కొలిచేవారో తెలిసిన మనకు ఈ జాగ్రత్తలు కొత్తగా అనిపించవు. గౌరవం అనేది ఎప్పుడూ వాయిద్యం కంటే బరువైన సామాను. దాన్ని ఆడవాళ్ళే మొయ్యాలి.

బిగ్ బెర్తా

వాళ్ళ బస్సుకి ‘బిగ్ బెర్తా’ అని పేరు. తినడం, పడుకోవడం, బట్టలు మార్చుకోవడం, సాధన, పోట్లాటలు అన్నీ అందులోనే. ఇందులో సరదా ఎంతుందో అవమానం అంత ఉంది. దక్షిణాది జిమ్ క్రో చట్టాల కింద నల్లవాళ్ళకు హోటల్లో గది లేదు, ఫలహారశాలలో కుర్చీ లేదు, పెట్రోలు బంకులో మరుగుదొడ్డి లేదు. పదిహేనేళ్ళ ఆడపిల్ల ఒక రాత్రి కచేరీ ముగించుకుని రెండువందల మైళ్ళు ప్రయాణం చేసి మర్నాడు మళ్ళీ వేదిక ఎక్కాలంటే, ఆమె నెలసరి ఎక్కడ చూసుకుంటుంది? కాలకృత్యాలు ఎక్కడ తీర్చుకుంటుంది? జాజ్ చరిత్రలు ఏ సోలో ఎవరు ఎంతసేపు వాయించారో రాస్తాయి. ఈ ప్రశ్నలు వెయ్యవు. అందుకే మగ సంగీతకారుల చరిత్రకు పక్కన ఒక అధ్యాయంగా ఈ స్త్రీలను చేర్చితే సరిపోదని నా అభిప్రాయం. ప్రయాణం అన్నదాన్నే మళ్ళీ కొత్తగా రాసుకోవాలి.

అదే బస్సు వాళ్ళకు స్వేచ్ఛ కూడా. పత్తి ఏరడం, పెళ్ళి, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంటపని. ఆ ఊళ్ళల్లో పుట్టిన నల్లజాతి ఆడపిల్ల ముందున్న దారులు ఇవి. వాటి బదులు షికాగో, న్యూయార్క్, వాషింగ్టన్ చూశారు. హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో, వాషింగ్టన్‌లోని హోవర్డ్ థియేటర్లో నల్లజాతి ప్రేక్షకులు వాళ్ళ కోసం బారులు తీరారు. తమ పిల్లలు తమ ముందు ఇంత దర్జాగా నిలబడి వాయించడం ఆ జనానికి ఎంత గర్వంగా ఉండేదో అప్పటి నల్లజాతి పత్రికలు రాసుకున్నాయి. తెల్లవాళ్ళ పత్రికల్లో మాత్రం వాళ్ళ జాడ చాలా తక్కువ.

వెంట ఒక పెద్దమనిషి ఉండేది. రే లీ జోన్స్. ఒమాహా నగరంలో సంఘసేవకురాలిగా పనిచేసి వచ్చిన ఆమె అమ్మాయిలకు కాపలా, కొన్నాళ్ళకు మేనేజరు. ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు పడుకోవాలి, వేదిక మీద ఎలా నిలబడాలి అన్నీ ఆమె నిర్ణయమే. ఆ కాపలా లేకపోతే తల్లులు పిల్లల్ని పంపేవాళ్ళు కారు. కాపలా ఉంటే పిల్లలు పెద్దవాళ్ళయ్యేవాళ్ళు కారు.

హాజరు

పైనీ వుడ్స్ బ్యాండు సంపాదించినంత బడికి ఇంకేదీ సంపాదించి పెట్టలేదనుకోవచ్చు. అమ్మాయిలకు దక్కినదెంత? రోజుకి తిండికి ఒక డాలరు, వారానికి చేతిఖర్చుకి ఇంకో డాలరు, మొత్తం వారానికి ఎనిమిది డాలర్లని విల్లీ మే వాంగ్ దశాబ్దాల తర్వాత గుర్తుచేసుకుంది. మిగతాది చదువు ఖర్చులకని లెక్క. అయితే ఆ చదువు ఎక్కడ? ఏడాదిలో ఎక్కువ రోజులు బస్సులోనే గడుస్తుంటే క్లాసుకి వెళ్ళేదెప్పుడు?

1941లో ఈ ప్రశ్న పేలింది. క్లాసులు తప్పినందువల్ల కొందరికి ఆ ఏడు పట్టా రాదని తేలింది. ఎవరి కోసం క్లాసులు తప్పారు? బడి కోసం. ఎవరు పట్టా ఇవ్వనన్నారు? బడే. అమ్మాయిలు వెనక్కి రాలేదు. అదే బస్సెక్కి, రే లీ జోన్స్ తో కలిసి, వాషింగ్టన్ వైపు వెళ్ళిపోయారు. బస్సు తమదని బడి గొడవపడింది. బడిలో మరో అమ్మాయిల బ్యాండు తయారైంది. దాని పేరు ‘స్వింగింగ్ రేస్ ఆఫ్ రిథమ్’. ఒక జట్టు తిరగబడితే ఇంకో జట్టు రోడ్డెక్కింది. చందా ఆగలేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాలకు అమ్మాయిల జానపద బృందాన్ని నాలుగైదుసార్లు తీసుకెళ్ళాను. అబ్బాయిల జట్టుకి టికెట్లు చేతికిస్తే చాలు. అమ్మాయిల జట్టుకి తండ్రి సంతకంతో అనుమతిపత్రం, వెంట లేడీ లెక్చరర్ తప్పనిసరి. రైలు బోగీలో రాత్రంతా తలుపు దగ్గర కూర్చున్న లేడీ లెక్చరర్‌ని నేనే. ఒక ఏడు మా పిల్లలు కప్పు తెచ్చారు. కప్పు ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలోకి వెళ్ళింది. పరీక్ష ఫీజుల నాటికి ఆ పిల్లల్లో ముగ్గురి పేర్లు హాజరు తక్కువైనవాళ్ళ జాబితాలో నోటీసుబోర్డు మీద కనిపించాయి. డెబ్బై అయిదు శాతం లేదు కాబట్టి జరిమానా కట్టాలన్నారు. ఆ జరిమానా కట్టలేని ఇంటి పిల్ల ఒకతె, డప్పు బాగా వాయించేది, ఆ ఏడుతో చదువు ఆపేసింది. తిరిగిన రోజులన్నీ హాజరుగా రాయాలని అడిగితే, ‘సాంస్కృతిక కార్యక్రమాలు చదువు కాదు కదమ్మా’ అన్నారు కార్యాలయంలో. మిసిసిపీ అమ్మాయిల కథ చదివినప్పుడు నాకు మొదట అర్థమైంది ఆ మాటే. సంస్థకు కీర్తి కావాల్సినప్పుడు అది చదువే. లెక్క రాయాల్సినప్పుడు కాదు.

సొంత ఇల్లు

బడి నుంచి బయటపడ్డ అమ్మాయిలకు వాషింగ్టన్ వ్యాపారి ఒకాయన అండగా నిలిచాడు. వర్జీనియాలోని ఆర్లింగ్టన్లో పది గదుల ఇల్లు ఏర్పాటయింది. ఒమాహాలో పెద్ద బ్యాండ్లతో పాడిన అనుభవం ఉన్న అన్నా మే విన్‌బర్న్ నాయకురాలిగా వచ్చింది. ట్రంపెట్ వాయించే టైనీ డేవిస్, సాక్సఫోను వాయించే వై బర్న్‌సైడ్ లాంటి ఆరితేరిన వాళ్ళు చేరారు. కౌంట్ బేసీ బ్యాండుకి స్వరరచన చేసిన ఎడ్డీ డరమ్ సాధన చేయించాడు. ఆయన తర్వాత జెస్సీ స్టోన్, మారిస్ కింగ్. బడిపిల్లల బ్యాండు దేశంలో మంచి బ్యాండ్లలో ఒకటయింది.

డబ్బు విషయం మాత్రం పెద్దగా మారలేదు. చాలా కాలం జీతం ఆ ఎనిమిది డాలర్ల దగ్గరే ఉంది, తర్వాత పదిహేనుకి పెరిగింది. ఆ ఇల్లు అందరిదీ అనీ, దాని వాయిదాల కోసమనీ జీతంలో కోత పడేదనీ, చివరికి చూసుకుంటే ఇంటి మీద తమకు ఏ హక్కూ లేదనీ సభ్యులు తర్వాత చెప్పుకున్నారు. అమ్మాయిలకు ముడుతున్న డబ్బు చూసి విసిగే ఎడ్డీ డరమ్ వెళ్ళిపోయాడంటారు.

ఇది చదివి ‘అయితే పారిపోయి ఏం సాధించారు’ అనేవాళ్ళు ఉంటారు. పితృస్వామ్యంలో స్త్రీ ఒక గడప దాటితే రెండో గడప సిద్ధంగా ఉంటుంది. దాని వల్ల మొదటి గడప దాటడం వ్యర్థం కాదు. 1941కి ముందు వాళ్ళు బడికి చందా తెచ్చే పిల్లలు. తర్వాత, దోపిడీకి గురైనా సరే, వాళ్ళు కార్మికులు. తమను కార్మికులుగా చూసుకున్న సంగీతకారులు. జీతం గురించి ఫిర్యాదు చెయ్యాలన్నా ముందు అది జీతం అని తెలియాలి. చందా గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.

రంగు

1943లో రాజ్ క్రాన్ అనే యూదు అమ్మాయి చేరింది. మసాచుసెట్స్ నుంచి వచ్చిన తెల్లపిల్ల. ఆమెతో బాటు ఇంకొందరు తెల్లవాళ్ళూ ఆ తర్వాత ఉన్నారు. దక్షిణాదిలో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు ఒకే బస్సులో ప్రయాణించి, ఒకేచోట తిని, పడుకుంటే నేరం. అందుకని వీళ్ళు ముఖానికి ముదురురంగు పూసుకుని, మిశ్రమజాతి వాళ్ళమని చెప్పుకునేవాళ్ళు. తెల్ల నటులు ముఖాలకు మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరించిన దేశంలో, నల్లవాళ్ళతో కలిసి పనిచెయ్యడం కోసం తెల్లమ్మాయి రంగు పూసుకోవడం ఎంత విచిత్రమైన సంగతి!

1944లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఒక నల్లజాతి సైనికుడితో కలిసి నడుస్తోందని పోలీసులు రాజ్ క్రాన్‌ని పట్టుకున్నారు. రాత్రంతా జైల్లో ఉంచారు. రే లీ జోన్స్ వచ్చి, ఈ పిల్ల మావాళ్ళ పిల్లే అని నమ్మించి విడిపించుకుంది. ఆ సంఘటనను రాజ్ క్రాన్ చివరిదాకా చెప్తూ వచ్చింది. దాన్ని తెల్ల అమ్మాయి సాహసగాథగా మాత్రమే చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. రాజ్ క్రాన్ ఆ రంగు కడిగేసుకుని ఏ రోజైనా ఇంటికి వెళ్ళిపోగలదు. ఆమెను దాచినందుకు చట్టం విరుచుకుపడితే పోయే దారి లేనివాళ్ళు పక్కనున్న నల్ల అమ్మాయిలు. ఆ రాత్రి ఎక్కువ ప్రమాదం ఎవరికి? సోదరీత్వం అనే మాట వాడేటప్పుడు మనం ఈ లెక్క చూసుకోవాలి. దళిత స్త్రీలు మనకు పదేపదే గుర్తుచేసిన లెక్క కూడా ఇదే. ఒకే బస్సులో కూర్చున్నంత మాత్రాన అందరి ప్రయాణమూ ఒకటి కాదు.

1945లో యూరప్‌లో ఉన్న నల్లజాతి సైనికులు తమకు ఈ బ్యాండు కావాలని ఉత్తరాలు రాశారు. సైన్యంలో కూడా నల్లవాళ్ళ దళాలు వేరు. ఆ వేర్పాటు రద్దుచేస్తూ ఉత్తర్వు రావడానికి 1948 దాకా పట్టింది. దాదాపు ఆరునెలలు ఫ్రాన్స్‌లో, జర్మనీలో తిరిగి వాయించారు. సైనికుల కోసం ‘జూబిలీ’ అనే రేడియో కార్యక్రమం ఉండేది. ఈ రోజు మనం స్వీట్‌హార్ట్స్ వాయింపు వినగలుగుతున్నామంటే ముఖ్యంగా ఆ ప్రసారాల రికార్డుల వల్లే. స్టూడియోలు వాళ్ళ చేత చేయించిన రికార్డులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎల్లా షెపర్డ్ బృందం పేరే, కావాలని కాకపోయినా, ఇలా వీళ్ళ గొంతును దాచిపెట్టింది.

యుద్ధం అయ్యాక

మగవాళ్ళు తిరిగొచ్చారు. ఫ్యాక్టరీల్లో లాగే వేదికల మీద కూడా ఆడవాళ్ళు ‘తాత్కాలికం’ అయ్యారు. పెద్ద బ్యాండ్ల కాలమూ ముగుస్తోంది. కొందరు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, కొందరు అలసిపోయారు. 1949లో రే లీ జోన్స్ చనిపోవడంతో ఆ బ్యాండు ఆగిపోయింది.

తర్వాతి జీవితాలు చూడండి. టైనీ డేవిస్ సొంత బృందం నడిపింది. తన సహచరి రూబీ లూకస్‌తో కలిసి షికాగోలో క్లబ్బు పెట్టింది. హెలెన్ జోన్స్ ఒమాహా సింఫనీ ఆర్కెస్ట్రాలో చేరింది. నల్లజాతి స్త్రీ అని తెలిశాక మొదటి కచేరీతోనే తీసేశారు. ఆమె ట్రాంబోను పక్కనపెట్టి, నర్సుగా ముప్పై ఏళ్ళు పనిచేసింది. 2020లో కోవిడ్‌తో చనిపోయింది. రాజ్ క్రాన్ 2021లో పోయింది. ఇక పైనీ వుడ్స్: 1954లో ఒక టెలివిజన్ కార్యక్రమంలో లారెన్స్ జోన్స్ కథ చూపించి తలా ఒక డాలరు పంపమంటే లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. బడికి శాశ్వతనిధి ఏర్పడింది. ఒక పెద్దమనిషి కథకు ఒక్క రాత్రిలో కరిగిన దేశం, ఆ పిల్లలు ఏళ్ళ తరబడి వాయించినా కరగలేదు.

1980లో కాన్సాస్ సిటీ మహిళా జాజ్ ఉత్సవంలో మిగిలినవాళ్ళను పిలిచి సత్కరించారు. 1983లో ఆంట్వానెట్ హ్యాండీ వాళ్ళ మీద పుస్తకం రాసింది. 1984లో రోజెటా రైట్స్ అనే స్త్రీవాది తన సొంత సంస్థ ద్వారా వాళ్ళ రికార్డు తెచ్చింది. 1986లో గ్రెటా షిల్లర్, ఆండ్రియా వైస్ డాక్యుమెంటరీ తీశారు. 2000లో షెర్రీ టక్కర్ ‘స్వింగ్ షిఫ్ట్’ పుస్తకంలో ఆనాటి ఆడవాళ్ళ బ్యాండ్లన్నిటి చరిత్రనూ వాళ్ళ మాటల ఆధారంగా రాసింది. ‘ఆడవాళ్ళ బ్యాండు’ అన్న వర్గమే వాళ్ళను జాజ్ చరిత్ర బయట నిలబెట్టడానికి ఎలా పనికొచ్చిందో చూపింది. చేసిన పనిని పనిగా కాక వింతగా లెక్కవెయ్యడం ఆ పద్ధతి.

1986 అనగానే మనకు ఇంకోటి గుర్తురావాలి. స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది ఆ ఏడాదే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి, కూర్చోబెట్టి, అడిగి, విని రాసిన పుస్తకం. రెండు ఖండాల్లో, ఒకరికొకరు తెలియకుండా, ఒక తరం స్త్రీలు ముందుతరం ఆడవాళ్ళ గడప తొక్కి ‘మీరు ఆ రోజుల్లో ఏం చేశారు’ అని అడిగారు. స్వీట్‌హార్ట్స్ ఊళ్ళు తిరుగుతున్న ఆ 1940లలోనే మన దగ్గర మోటూరు ఉదయం వంటివాళ్ళు స్త్రీల బుర్రకథ దళం కట్టారు. కొండపల్లి కోటేశ్వరమ్మ ప్రజా నాట్యమండలిలో పాడి ఆడింది. కోటేశ్వరమ్మ తన కథను ‘నిర్జన వారధి’గా రాసింది 2012లో, తొంభై ఏళ్ళు దాటాక. బడి కోసం పాడటమూ, పార్టీ కోసం పాడటమూ ఒకటి కాదు. అక్కడి జాతి, ఇక్కడి కులం ఒకటి కావు. కానీ రెండుచోట్లా స్త్రీలు ఆ తిరిగిన కాలాన్ని తమ జీవితంలో మెరిసిన కాలంగా గుర్తుపెట్టుకున్నారు. రెండుచోట్లా, ఆ కాలం అయిపోయాక, వాళ్ళను పిలిపించుకున్న సంస్థలు వాళ్ళ బతుకుతెరువు గురించి పెద్దగా ఆలోచించలేదు.

అందుకే ఇలాంటి చరిత్రలు రాసేటప్పుడు రెండు తప్పులకు దూరంగా ఉండాలనుకుంటాను. ఒకటి, వాళ్ళను బాధితులుగా మాత్రమే చూడటం. వేదిక మీద వై బర్న్‌సైడ్ సోలో విన్నవాళ్ళెవరూ అలా చూడలేరు. రెండోది, అంత సంతోషంగా వాయించారు గనక దోపిడీ లేదనుకోవడం. ఇష్టంగా చేసే పనిలోనే ఆడవాళ్ళ చేత ఎక్కువ ఉచితంగా చేయించుకుంటారని వంటింటి నుంచి సాహిత్య సభ దాకా మనకు తెలుసు.

ఇప్పుడు ఆ బ్యాండులో తొలి సభ్యుల్ని అడగడానికి ఆలస్యమైంది. మన దగ్గర మాత్రం అడగాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. సురభి నాటక సమాజాల్లో పుట్టి పెరిగిన స్త్రీలు, హరికథలు చెప్తూ ఊరూరా తిరిగిన భాగవతారిణులు, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో పాడి అర్ధరాత్రి వ్యానుల్లో ఇళ్ళకు చేరిన గాయనులు, యువజనోత్సవాల్లో కప్పులు తెచ్చి పరీక్షలు తప్పిన పిల్లలు. ఏం పాడారు అని ఇప్పటికే కొంత రాసుకున్నాం. ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఎంత ముట్టింది, ఎవరు కాపలా ఉన్నారు, తిరిగి వెళ్ళాక ఇంట్లో ఏమన్నారు అని కూడా అడిగి రాసుకుందాం. మన పత్రికలు ఆ మాటలకు చోటివ్వాలి.